గూండా మాట గుండాధుర్‌ది కాదు: మన ఫ్లెక్సీ మీద నా అభ్యంతరం

 

పోస్ట్ కొంచెం పెద్దగుంటది, ఓపికతో చదవాలె. సగం చదివి కొట్లాటకు వచ్చే తమ్ముళ్ళు పూర్తిగా చదివినంకనే రండి, నేనెక్కడికీ పోను.

విషయం ఏందంటే, ఫిబ్రవరి 10 భూమ్‌కాల్ రోజు కోసం మనోళ్ళు తయారుచేసిన ఫ్లెక్సీ డిజైన్ మొన్న రాత్రి గ్రూప్‌ల పెట్టిన్రు. ఆత్మకూర్ (ఎస్) సెంటర్ల ఒకటి కడ్తం, సూర్యాపేటల ఒకటి కడ్తం, అదే మాట టీషర్టుల మీద కూడా వేయిస్తం అన్నరు. మధ్యల విల్లు పట్టిన గుండాధుర్ బొమ్మ, కింద పెద్ద అక్షరాలల్ల "అవును, మేం గూండాలమే. గుండాధుర్ వారసులం" అని ఉంది. బొమ్మ బాగుంది. గీసిన తమ్ముడి చేతిల పనుంది, అందుల అనుమానం లేదు. నేను కూడా చూడంగనే లైక్ కొట్టిన. కానీ పడుకున్నంక ఆ మాట తలకాయల తిరుగుతనే ఉంది. తెల్లారి లేచి లైక్ తీసేసిన. ఎందుకు తీసేసిన్నో చెప్పడానికే ఇదంత రాస్తున్న.

ఆ ఫ్లెక్సీ వెనకాల ఒక ఫార్వర్డ్ ఉంది. మీ అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటది. బస్తర్‌ల బ్రిటిషోళ్ళ మీద తిరగబడ్డ గుండాధుర్ పేరంటే తెల్లదొరలకు భయమని, అందుకే ఆ పేరును తిట్టు కింద మార్చిన్రని, అట్లనే ‘గూండా’ అనే మాట పుట్టిందని దాని సారాంశం. వినడానికి మస్తుగ ఉంటది. మన వీరుని పేరును దొంగిలించిన్రు అంటే రక్తం ఉడుకుతది. నాకూ ఉడికింది. అందుకే నిజమా కాదా అని చూడబోయిన.

ముందుగాల మనిషి గురించి చెప్పాలె, మాట గురించి తర్వాత. గుండాధుర్‌ది బస్తర్‌ల కాంగేర్ అడవి పక్కన నేతానార్ ఊరు. ధుర్వా తెగ. 1905 ల అడవిల మూడింట రెండు వంతులు రిజర్వు చేస్తమని, పోడు, వేట, అడవి సరుకు ఏరుకునుడు అన్నీ బంద్ చేస్తమని సర్కారు అన్నది. దానికి తోడు కరువులు, వెట్టి, సర్కారోళ్ళకు ఉత్తగ ఇచ్చే సరుకులు. 1910 ల ఊరూరికి మామిడి కొమ్మలు, మట్టి ముద్ద, మిరపకాయలు, బాణాలు తిరిగినయి. అవే కబురు, అవే పిలుపు. ప్రతి ఊరు ఖర్చుకు ఎంతో కొంత వేసుకున్నది. బజార్లు దోచిన్రు, ఆఫీసర్ల ఇండ్లు, పోలీస్ స్టేషన్లు తగలబెట్టిన్రు, దోచిన గింజలను పంచిన్రు. సర్కారు ఫౌజును దింపింది. ఫిబ్రవరి నుంచి మే దాక మూడు నెలలు పట్టింది అణచడానికి. ఎంత వెతికినా గుండాధుర్ మాత్రం చిక్కలే. రిజర్వు పని కొన్నాళ్ళు ఆపిన్రు, ముందు అనుకున్న అడవిల సుమారు సగానికే తగ్గించుకున్నరు. ఇది నా సొంత కవిత్వం కాదు, ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి చరిత్ర పుస్తకంల వచ్చిన పాఠం. పోడు పట్టా కోసం ఫారెస్టు ఆఫీసు చుట్టు తిరిగిన ఇంట్ల పుట్టినోళ్ళకు ఈ కథ మళ్ళ విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

ఇంక మాట. 1910 కన్న ముందే అచ్చయిన హిందుస్తానీ నిఘంటువులల్ల ‘గుండా’ అనే మాట ఉంది. జల్సాలు చేసేటోడు, చెడ్డ తిరుగుళ్ళు తిరిగేటోడు అని అర్థం. అంటే నేతానార్‌ల డప్పు మోగక ముందే ఉత్తరాది బజార్లల్ల ఆ మాట తిరుగుతున్నది. ఇక్కడికే ఫార్వర్డ్ కథ అయిపోయింది. కొడుకు పుట్టినంక తండ్రి పుట్టడు కద.

హిందీల ఆ మాటకు ఒకప్పుడు కొంత మర్యాద కూడా ఉండేది. జయశంకర్ ప్రసాద్ ‘గుండా’ అనే పేరుతోనే ఒక కథ రాసిండు. అందుల గుండా అంటే కాశీల కత్తి పట్టి తిరిగే నన్హకూ సింగ్. వారెన్ హేస్టింగ్స్ కాలంల, రాజా చేత్ సింగ్ కుటుంబం కోసం కంపెనీ సిపాయిలతో కొట్లాడి ప్రాణం ఇస్తడు. మన తెలుగు సినిమాల మంచి రౌడీ హీరో ఉంటడు చూడు, గసొంటోడే.

‘గుండ’ అనే పేరు సంగతి ఇంక వేరే. అది మన దిక్కున పాత పేరే. గుండయ్యలు, గుండన్నలు ఎంతమంది లేరు? కాకతీయుల వంశంల మొదటోళ్ళ పేర్లల్ల ‘గుండ’ ఒకటి, బయ్యారం చెరువు శాసనంల వరుసగ ఉన్నరు. రాజుల పేరు గుండ అయితే ఎవ్వడూ దాన్ని గూండాతో కలపడు. అడవి మనిషి పేరు గుండ అయితేనే మనకూ వాళ్ళకూ ఇద్దరికీ ఆ తిట్టు యాదికొస్తది. ఇది కొంచెం ఆలోచించాల్సిన ముచ్చట.

అయితే ఆ ఫార్వర్డ్ రాసినోడు మొత్తానికి పిచ్చోడు అని నేను అనను. తెగల పేర్లు, బీదోళ్ళ ఇంటిపేర్లు తిట్లుగ మారుడు అనేది లోకంల నిజంగనే జరిగింది. 1712 ల లండన్‌ల రాత్రిపూట దారిన పోయేటోళ్ళ మీద పడి కొట్టే పోరగాళ్ళ గుంపును ‘మోహాక్‌లు’ అన్నరు. వాళ్ళు బాగా డబ్బున్న ఇండ్ల పిల్లలని అప్పుడు చెప్పుకున్నరు. మోహాక్ అంటే ఎవరు? అమెరికాల ఒక ఆదివాసీ జాతి. దానికి రెండేండ్ల ముందు, 1710 ల, ఆ దిక్కు నుంచి నలుగురు పెద్దమనుషులు రాణిని కలవడానికి లండన్ పోయిన్రు. వాళ్ళు ఎవ్వర్ని కొట్టలే. కొట్టింది లండన్ పోరగాళ్ళు, పేరు చెడింది మోహాక్‌లది.

పారిస్‌ల కూడా ఇదే కథ. 1900 తర్వాత అక్కడ గల్లీలల్ల కత్తులు పట్టుకొని తిరిగే కుర్రాళ్ళను పేపర్లు ‘అపాష్‌లు’ అని రాసినయి. అపాచీ అనే అమెరికా ఆదివాసీ పేరును ఫ్రెంచోళ్ళు అట్ల పలుకుతరు. అపాచీ వీరుడు జెరోనిమో అప్పటికి ఇంక బతికే ఉన్నడు, అమెరికా సర్కారు చేతిల ఖైదీగ. తన భూమి కోసం కొట్లాడిన జాతి పేరు, సముద్రం అవతల జేబుదొంగల పేరయింది. ‘హూలిగన్’ అనే మాట కూడా ఒక ఐరిష్ ఇంటిపేరు నుంచి వచ్చిందనే ఎక్కువమంది అంటరు. లండన్‌ల ఐరిష్‌లు అంటే కూలి పనికి వలసొచ్చినోళ్ళు.

ఇంక మన అందరం సినిమా పోస్టర్ల మీద చూసే ‘రౌడీ’ సంగతి చూడండి. అది అమెరికాల 1800 తర్వాత పుట్టిన మాట. మొదట దాని అర్థం అడవి అంచున ఉండే మొరటు మనిషి. నగరపోళ్ళు అడవి అంచు మనుషులకు పెట్టిన పేరు ఓడలెక్కి మన పోలీస్ స్టేషన్ల రిజిస్టర్లకు వచ్చి కూసున్నది. అంటే పుట్టుకల అడవి వాసన ఉన్న మాట కావాలంటే గూండా కన్న రౌడీయే దగ్గరి చుట్టం. తమాషా కాదా?

మరి మనకాడ ఏమైంది? దూరం పోవుడెందుకు. బస్సుల ఇద్దరు పోరగాళ్ళు గట్టిగ మాట్లాడుకుంటె కండక్టర్ ఏమంటడు? "ఏందిరా, లంబాడోళ్ళ లెక్క మొత్తుకుంటున్నరు" అంటడు. ఆ ఇద్దరు లంబాడోళ్ళే కానక్కరలేదు. బడిల పిల్లలు దెబ్బలాడుకుంటె సార్లు అన్న మాట మనలో వినని వాళ్ళుంటె చెయ్యి ఎత్తండి. "ఎరుకలోని చెయ్యి" అనే మాటకు అర్థం దొంగతనం. "కోయోని లెక్క" అంటె మొద్దు అని. మన గ్రూప్‌ల ఎరుకల తమ్ముళ్ళు ఉన్నరు, వాళ్ళకు ఇది నా కన్న ఎక్కువ తెలుసు. తెలుగుల మోహాక్, అపాష్ అంటే ఇవే. మనం గుండాధుర్ పేరు చుట్టు లేని దొంగతనం వెతుకుతున్నం, మన పేర్లే పట్టపగలు పోయినయి.

(మనమూ తక్కువోళ్ళం కాదు. గోర్‌బోలిల మనం కాని వాళ్ళను ‘కోర్’ అని ఏ గొంతుతో అంటమో మన ఇండ్లల్ల విన్నరు కద. అది కూడ ఒకసారి యాది చేసుకుందాం.)

2025 ల విజయ్ దేవరకొండ ఒక సినిమా సభల, కశ్మీర్ దాడి గురించి మాట్లాడుకుంట, బుద్ధి లేకుండ కొట్లాడుకునుడుకు ఐదు వందల ఏండ్ల కిందటి ట్రైబల్స్‌ను పోలిక తెచ్చిండు. సంఘాలు కేసు పెట్టినయి. తన ఉద్దేశం అది కాదని ఆయన విచారం చెప్పిండు. ఆయన మీద కోపంతో ఇది రాస్తలేను, మనలో సగం మంది ఆయన ఫ్యాన్సే. నాకు కనబడ్డది వేరే. ఫ్యాన్స్‌ను ఆయన ప్రేమగ ‘రౌడీలు’ అంటడు, ఆ పేరు మీద బట్టల బ్రాండే ఉంది. అంటె ఆ నోట్ల రౌడీ ముద్దు మాట అయింది, ట్రైబల్ తిట్టు మాట అయింది. అలవాటుల వచ్చిన మాటే కావచ్చు, కానీ ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో పైన చెప్పుకున్నం.

ఇప్పుడు అసలు ముచ్చట. మన దిక్కు గూండా అంటె ఎవరు?

మా తాత చదువుకోలే. ఆయన నోట గూండాలు అనే మాట వచ్చిందంటే వెనకాల ‘దొర’ అనే మాట ఉండాల్సిందే. దొర గూండాలు. పంట కోసే రోజు కట్టెలు పట్టుకొని చేనుల దిగేటోళ్ళు. నల్లగొండ జిల్లాల ఆ మాటకు చరిత్ర ఉంది. 1946 జూలై 4 న కడవెండిల దొడ్డి కొమరయ్యను కాల్చి చంపింది విసునూరు దేశ్‌ముఖ్ గూండాలు. తెలంగాణ సాయుధ పోరాటం గురించి ఏ పుస్తకం తీసినా గూండా అంటె దొర తిండి తిని జనం మీదికి వచ్చేటోడే. ధర్మాపురంల మన లంబాడీ రైతులు సాగు చేసుకున్న భూమి మీదికి దేశ్‌ముఖ్ మనుషులు వచ్చిన్రు. ఎదిరించినోళ్ళల్ల ముందున్నది జాటోతు ఠాను నాయక్, ఆయన అన్నదమ్ములు. 1950 ల ఠాను నాయక్‌ను చంపిన్రు. అప్పుడు ఆ ఊరు కూడా నల్లగొండ జిల్లాలనే ఉండె.

ఆ కథల గూండా ఎవరు, ఎదిరించినోడు ఎవరు? మనం ఫ్లెక్సీ మీద ఏ పక్క పేరు రాసుకుంటున్నం? ఠాను నాయక్ వారసులం అనుకునేటోళ్ళం, ఠాను నాయక్‌ను చంపవచ్చినోళ్ళ పేరు టీషర్ట్ మీద వేసుకొని తిరుగుతమా? మా తాత ఉంటె ఆ టీషర్టును చూసి ఏమంటడో నాకు తెలుసు. ఇక్కడ రాయలేను.

ఆ మాట దొరల గడీ కాడి నుంచి తండా దాక ఎట్ల నడిచొచ్చింది అంటె, చట్టం గుండ వచ్చింది అంట నేను. 1871 ల బ్రిటిషోళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చిన్రు. నేరం చేసినోడు నేరస్థుడు అని కాదు, ఫలానా తెగల పుట్టినోడు నేరస్థుడు అని. ఎరుకల వాళ్ళను తీసుకపోయి స్టువర్టుపురం సెటిల్మెంట్‌ల పెట్టిన్రు. కొన్ని ప్రాంతాలల్ల బంజారాలను కూడా ఆ లిస్టుల ఎక్కించిన్రు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకొని దేశమంత తిరిగిన జాతికి, రైళ్ళొచ్చి ఆ వ్యాపారం పోయినంక, మిగిలింది ఆ పేరు. స్వాతంత్య్రం వచ్చిన ఐదేండ్లకు, 1952 ఆగస్టు 31 న, ఆ చట్టం పోయింది.

అది ఉన్నప్పుడే 1923 ల కలకత్తా కోసం బెంగాల్‌ల గూండాల చట్టం వచ్చింది. నగరంల ఉండొద్దు అనుకున్నోళ్ళను బయటికి పంపడానికి. చూడవలసిందల్ల అందుల గూండాకు ఇచ్చిన అర్థం. గూండా అంటె హూలిగన్, లేకపోతె మరో మొరటోడు అని రాసిన్రు. ఇంతే. ఒక తిట్టుకు ఇంకో తిట్టుతో అర్థం చెప్పిన్రు. అదీ చట్టంల.

మన రాష్ట్రంల ఇప్పుడు నడిచేది 1986 నాటి చట్టం, అందరం పీడీ యాక్ట్ అంటం. దాని అసలు పేరు చాంతాడంత ఉంటది. అందుల సారా కాసేటోళ్ళు, బందిపోట్లు, మత్తుమందు నేరగాళ్ళు, గూండాలు, వ్యభిచార నేరాలు చేసేటోళ్ళు, భూకబ్జాదారులు అని వరుసగ ఉన్నరు. తర్వాత కల్తీ విత్తనాలోళ్ళను, సైబర్ నేరగాళ్ళను, ఇంక కొందర్ని కలిపిన్రు. ఇందుల గూండా అంటె తిట్టు కాదు, ఒక కేటగిరీ. ఒంటరిగ గాని గుంపుల గాని కొట్లాటలు, ఆస్తి నేరాలు, బెదిరింపుల లాంటివి అలవాటుగ చేసేటోడు అని అర్థం రాసుకున్నరు. ఆ కాగితం మీద సంతకం పడితె, కేసు రుజువు కాకముందే, బెయిల్ వచ్చినా కూడా, ఏడాది దాక లోపల పెట్టవచ్చు. గుడుంబా పేరు మీద ఇదే చట్టం కింద పోయినోళ్ళు తండాలల్ల ఉన్నరు. ఏ తండాల ఎవరు అని నేను రాయను, మీకే తెలుసు.

2024 మార్చిల సుప్రీంకోర్టు తెలంగాణ నుంచి వచ్చిన ఒక కేసుల తీర్పు ఇచ్చింది. దొంగతనం కేసులున్న ఒకతన్ని ఈ చట్టం కింద ‘గూండా’ అని లోపల పెట్టిన్రు. ఆ కేసు పేరు మొదట్ల ఉన్న ఇంటిపేరు చదివినప్పుడు నాకు గుండె ఝల్లుమన్నది. మన తండా ఇంటిపేరే. అతని మీద ఉన్న కేసులు మామూలు కోర్టుల తేలవలసినయని, వాటి వల్ల సమాజంల శాంతి మొత్తం చెడుతదని చెప్పలేమని కోర్టు ఆ ఆర్డర్‌ను కొట్టేసింది. ఇట్లాంటి ఆర్డర్లను పరిశీలించే సలహా బోర్డులు ముద్ర వేసి పంపే పని చేయొద్దని, బుర్ర పెట్టి చూడాలని గట్టిగనే చెప్పింది. దానికి ముందు 2022 ల, 2023 ల కూడా ఈ చట్టాన్ని ఇక్కడ ఇష్టమొచ్చినట్టు వాడుతున్నరని సుప్రీంకోర్టే అన్నది. అంటె పెద్ద కోర్టు మన రాష్ట్రాన్ని ‘ఈ మాటను ఎవరి మీద పడితె వారి మీద వెయ్యకండి’ అంటుంటె, మనం దాన్ని మన ఛాతీ మీద మనమే ప్రింట్ చేయించుకుంటున్నం.

రౌడీ షీట్ కూడా ఇట్లాంటిదే, అయితె దానికి చట్టం కూడా లేదు, పోలీసు స్టాండింగ్ ఆర్డర్లల్ల 601 నంబర్ కింద ఉండే ఒక నియమం. షీట్ తెరిస్తె పండుగకు, ఎలక్షన్లకు స్టేషన్‌కు రమ్మంటరు, రాత్రి ఇంటికొచ్చి ఉన్నడా లేడా అని చూస్తరు. ఇంటర్ల ఉన్నప్పుడు తీసుకున్న ఒక్క రీల్, డీజే కాడ జరిగిన ఒక్క తోపులాట, ఫ్లెక్సీ మీద పక్కపక్కన నిలబడ్డ నాలుగు ఫోటోలు. వీటితోనే షీట్ తెరుస్తరని నేను అంటలేను. కానీ ఎవరైనా తెరుద్దాం అనుకుంటె, ‘వీడే రాసుకున్నడు కద గూండా అని’ అని చూపెట్టడానికి మనమే కాగితం ఇయ్యొద్దు.

మీలో కొందరికి ఇది ఎక్కువ భయం అనిపిస్తది. మా చిన్నాయన కొడుకు సంగతి చెప్త. పండుగ రాత్రి పాట మార్చే కాడ రెండు గుంపులకు మాట మాట పెరిగింది. రెండు దిక్కుల పోరగాళ్ళనూ ఒక స్టేషన్‌కు తీసుకపోయిన్రు. ఊరి పిల్లల్ని మొదట అడిగింది "ఎవరి కొడుకువురా" అని. మా తమ్ముణ్ణి మొదట అడిగింది "ఏ తండా" అని. అంతే తేడా. ఊరి పిల్లల తండ్రులు గంటల వచ్చి తీసుకపోయిన్రు. మా చిన్నాయన పొద్దుగాల దాక బయట అరుగు మీద కూసున్నడు. తమ్ముణ్ణి ఎవ్వరూ కొట్టలే, ఉన్నది ఉన్నట్టు చెప్పాలె. కానీ తెల్లారి వాడు ఇంటికొచ్చి ఇన్‌స్టా బయోల పెట్టుకున్న ‘తండా రౌడీ’ తీసేసిండు. నేను చెప్పలే, వాడే తీసేసిండు.

మన మండలంల 2021 నవంబర్ల జరిగింది కూడా మీరు మర్చిపోలేరు. దొంగతనం అనుమానం మీద తండా యువకుణ్ణి పోలీసులు తీసుకపోయిన్రు, కొట్టిన్రని ఇంటోళ్ళు, తండా వాళ్ళు స్టేషన్ ముందు కూసున్నరు. అప్పుడే ‘జై భీమ్’ సినిమా వచ్చి పది రోజులు కూడ కాలే. పేపర్లన్నీ ఆ సినిమాతో పోల్చి రాసినయి. సినిమాల చూసి ఏడ్చినోళ్ళు మన దిక్కు వార్త చదివి పేజీ తిప్పిన్రు. ఆత్మకూర్ పక్కన బ్రాకెట్ల (ఎస్) అని ఉండేది సూర్యాపేట అని చెప్పడానికి. ఆ వారం మాత్రం ఆ బ్రాకెట్ లేకున్నా రాష్ట్రమంత గుర్తుపట్టింది. అదే సెంటర్ల, అదే రోడ్డు మీద మనం ఈ ఫ్లెక్సీ కడ్తమంటున్నం.

ఒక అన్న (పేరు చెప్పను, గ్రూప్‌లనే ఉన్నడు, నాకు చదువుల సాయం చేసినోడు) నాతోటి ఫోన్ల గంటసేపు వాదించిండు. ఆయన మాట ఇది: "తమ్ముడూ, ఎదుటోడు తిట్టిన మాటనే జెండ చేసుకోవాలె. అప్పుడు వాని నోరు మూతపడ్తది. మాదిగలు చేసి చూపెట్టలే?" ఇది తేలిగ్గ తీసేసే మాట కాదు. 1994 ల దండోరా మొదలైనంక మాదిగ అనే మాటను పేరు వెనక పెట్టుకునుడు మొదలుపెట్టిన్రు. తిట్టుగ వినబడ్డ మాటను స్టేజీ ఎక్కి మైకుల చెప్పిన్రు. అట్ల చెప్పెటప్పుడు విన్నోళ్ళకు ఒళ్ళు జలదరించేది. ఇయ్యాల ఆ పేరు పెట్టుకోవడంల ఎవ్వరికీ సిగ్గు లేదు.

కానీ అన్నా, మాదిగ అనేది వాళ్ళ పేరు. వాళ్ళదే, ఎదుటోడు దాన్ని ఖరాబు చేసిండు, వాళ్ళు తోమి మళ్ళ ఇంట్ల పెట్టుకున్నరు. గూండా మన పేరు ఎప్పుడైంది? గుండాధుర్‌ది కూడ కాదని పైన చూసినం. మనది కానిదాన్ని తోమినా మనది కాదు. తోమాల్సింది ఏదన్న ఉంటె ‘లంబాడీ’ ఉంది, ‘తండా’ ఉంది, ‘ఎరుకల’ ఉంది. కాలేజీల అటెండెన్స్ పిలిచెటప్పుడు నాయక్ అని పూర్తిగ చెప్పకుండ ఇనిషియల్ చేసుకున్నోళ్ళం మనలో ఎంతమందిమి ఉన్నం? నేను మొదటి సంవత్సరం మొత్తం అట్లనే చెప్పిన. గూండా అని రాసుకోవడానికి లేని భయం, లంబాడీ అని చెప్పుకోవడానికి ఎందుకున్నది? ఈ ప్రశ్న అన్నను ఫోన్ల అడిగిన. ఆయన కొంచెంసేపు ఏం మాట్లాడలే. తర్వాత "ఆలోచిస్త" అన్నడు. అన్న ఆ మాట అన్నడంటె నిజంగనే ఆలోచిస్తడు.

ఇంకో చెల్లె కామెంట్ కూడ బాగుంది. "ఫ్లెక్సీ మీద గూండాలు, రౌడీలు అని ఉంటె మేం దాని కింద ఫోటో దిగం, మా యాడి చూస్తె చదువు మాన్పిస్తది" అన్నది. దానికి నలుగురు తమ్ముళ్ళు నవ్విన ఎమోజీ పెట్టిన్రు. నవ్వవలసింది ఏముంది? ఆ రోజు సభకు ఆడపిల్లలు రావాల్నా వద్దా? బస్తర్ తిరుగుబాటుల ఊరూరు కలిసింది అని పొద్దున పోస్ట్ పెట్టి, సాయంత్రం మన తండా చెల్లెళ్ళే నిలబడలేని ఫ్లెక్సీ కడితె ఎట్ల?

ఫార్వర్డ్ సంగతి కూడా ఒక మాట. కాలేజీల ఎవడో ఒకడు ఆ నిఘంటువు తీసి "మీ కథ అబద్ధం" అంటె, వాడు అక్కడ ఆగడు. గుండాధుర్ కథ మొత్తం అబద్ధమే అంటడు. మామిడి కొమ్మలు, మట్టి ముద్ద, సగానికి తగ్గిన రిజర్వు, చిక్కని మనిషి. ఇవన్నీ నిజాలు, పుస్తకంల ఉన్నయి. వీటి పక్కన ఒక అబద్ధం పెట్టి వీటి విలువ మనమే తీయొద్దు. ఈ పోస్ట్ చదివినంక ఆ ఫార్వర్డ్ మళ్ళ వస్తె, పంపినోళ్ళతోటి కొట్లాడకండి, పేజీ ఫోటో తీసి పెట్టండి చాలు.

ఇంక పని ముచ్చట. ఫ్లెక్సీ ఆర్డర్ ఆదివారం లోపు ఇయ్యాలె, లేకపోతె సూర్యాపేటల అతను సోమవారం రేటు పెంచుతడు, సీజన్ అంటడు. బొమ్మ మార్చనక్కర లేదు, అట్లనే ఉండని. కింద రాతకు నేను అనుకున్నది ఇది: ఒక పక్క "నేతానార్ గుండాధుర్, 1910", ఇంకో పక్క "ధర్మాపురం ఠాను నాయక్, 1950", నడుమ ఒక మామిడి కొమ్మ. కింద మన గ్రూప్ పేరు, అందుల ‘లంబాడీ, ఎరుకల విద్యార్థులు’ అని పూర్తిగ, షార్ట్‌కట్ లేకుండ. టీషర్టులకు డబ్బులు సరిపోతలేవని ఖజానా చూసే తమ్ముడు చెప్పిండు, కాబట్టి అవి ఈసారి వద్దు. ఇంతకన్న మంచి రాత ఎవరికన్న తడితె కింద పెట్టండి. శనివారం రాత్రి దాక చూసి, ఎక్కువమంది ఏది అంటె అదే ప్రింట్‌కు ఇస్తం. నా రాత ఓడిపోయినా కట్టె పాతడానికి గడ్డపార నేనే తెస్త, మా ఇంట్లదే.